సున్నాలో చుక్క

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు వచ్చే బస్సులో నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. ఒళ్లో గోనెసంచి ఉంది. ఏముందని అడిగితే మూతి విప్పి చూపించాడు. చిన్న ట్రాక్టర్ వెనక, మట్టిని గుల్ల చేసే రోటవేటర్‌ను తిప్పే పీటీఓ షాఫ్ట్. పళ్లన్నీ అరిగి నున్నగా అయిపోయాయి.

"ఒక్క సీజన్ సుత ఆగలే సార్. కొత్త బండి," అంటూ దాని చివరన అచ్చు గుద్దిన సున్నాను, సున్నాలోని చుక్కను వేలితో తడిమాడు. "గిదేంది సార్?"

పాశమైలారం ఫ్యాక్టరీలో అలాంటి షాఫ్టులను పరీక్షించి పంపడమే నా ఉద్యోగం. సున్నాలో చుక్క నా అచ్చే. సీజన్ తొందరలో ఇనుము గట్టిదనం చూడకుండానే ఆ అచ్చు గుద్దిన రోజులున్నాయి.

"చెక్ చేసి, మంచిగుందని ఏసే గుర్తన్నా," అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "అట్లనా! మాల్ మంచిగలేదని నిన్న దుకాణపాయనను మస్తు తిట్టిన. తప్పు నాదే ఉంటది సార్. జల్దీ అయిపోవాలని తడి దుక్కిల నడిపిన."

ఇంతలో బస్సు బ్రేక్ పడి, సంచి జారి ఆయన కాలికి తగిలింది. వెంటనే వంగి ఆ ఇనుమును తాకి, వేళ్లు కళ్లకద్దుకున్నాడు.



పటాన్‌చెరులో దిగేటప్పుడు, "మంచిగ చెప్పిండ్రు సార్, లేకుంటే ఇంకా ఆయన్నే తిడుతుంటి," అని నాకు దండం పెట్టాడు. నేనూ రెండు చేతులు జోడించాను. ఆయన దాన్ని మర్యాద అనుకొని ఉంటాడు.