కొట్టని కొబ్బరికాయ

మా ఎదురింటి చిన్నమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను పలాసలో ఆటో కోసం నిలబడి ఉన్నాను. మొదట తలెత్తి ఆకాశం చూశాను. మబ్బు లేదు, గాలి లేదు. బతికినన్నాళ్లూ గాలికి భయపడిన మనిషి, ఆకు కూడా కదలని మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చి, మళ్లీ లేవలేదు.

ఆమె మాకు చుట్టం కాదు. పూండి దగ్గర మా ఊళ్లో సందు ఎంత సన్నమంటే, ఆమె తాలింపు వేస్తే మాకు దగ్గు వచ్చేది. ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టిన ఆ పెద్ద తుపాను గాలికి ఆమె ఇంటి రేకులు లేచిపోతే రుబ్బురోలును కావలించుకుని కూర్చుందట. "రోలూ ఇదీ మిగిలాయి" అని ఊరంతా నవ్వేది. ఆమె మాత్రం నవ్వేది కాదు. ఆనాటి నుంచి పొద్దున్న లేచి ముఖమైనా కడుక్కోకుండా కొబ్బరిచెట్ల తలలు చూసేది.

"కమ్మలు ఎటుపడితే అటు ఊగితే బయం నేదే గుంటా. అన్నీ ఒకే పక్కకి దువ్వినట్టుంటే మాత్రం బయపడాల" అని ఎదురింటి పిల్లనైన నాకు చెప్పేది.

టెక్కలిలో డిగ్రీ చేసి, ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండని నన్ను చూసి, "నీకు సక్రాలున్నాయి గానీ బిరేకుల్నేవు" అనేది.

మా ఊరి ఆడవాళ్లు ఏటా బస్సు మాట్లాడుకుని పూరీ వెళ్తారు. చాలామంది పలాసలో జీడిపప్పు వలిచేవాళ్లే. ఏడాదంతా కూడబెట్టి బస్సు డబ్బు ముందే కడతారు. ముందుండి నడిపించేది చిన్నమ్మ. ఇంత పిరికిదాన్ని ఎందుకు పెట్టుకున్నారంటే, "బయమున్నదే దిగిన సోటల్లా తలలు లెక్కెడతాది" అనేది అమ్మ. యాత్రకి పెద్దగా ఉన్న మనిషి బస్సు ముందు కొబ్బరికాయ కొట్టాలి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. అప్పటిదాకా ఏ డ్రైవరూ గేరు వేయడు.

రెండేళ్ల క్రితం సరిగ్గా ప్రయాణం ముందు తుపాను హెచ్చరిక వచ్చింది. చిన్నమ్మ బస్సు ఓనరుకి ఫోన్ చేసింది. మేం మానుకుంటే డబ్బు రాదు, తనే బండి ఆపేస్తే వాపసు ఇస్తానన్నాడు. బండి మాత్రం ఆపనన్నాడు. చెప్పినట్టే మర్నాడు పొద్దున్న జల్లులో బస్సు వచ్చి వీధి మొదట్లో నిలబడింది.

అందరూ ఎక్కేశారు. కట్టిన డబ్బు కళ్ల ముందే పోతుంటే ఎవరు ఆగుతారు? "డబ్బు పోయిందంటే మా ఇంట్లోనే తుపానొత్తాది" అంది మా వెనకింటి అత్త. నేనూ కిటికీ పక్కన కూర్చున్నాను. నాకు వెళ్లాలనే ఉంది. అప్పుడు అద్దంలోంచి చెట్లు కనిపించాయి. కమ్మలన్నీ పడమటికి, ఎవరో తడి దువ్వెనతో దువ్వినట్టు ఉన్నాయి. పూరీ దారిలో చిలికా సరస్సు పక్క రోడ్డు గుర్తొచ్చి భయమేసింది. అయినా సంచి ఒళ్లోకి లాక్కుని కూర్చునే ఉన్నాను.

చిన్నమ్మ బస్సు ముందు నిలబడింది. కాయ ఆమె చేతిలోనే ఉంది.

"కొట్టవే అప్పా, ఆలీసమైపోతంది!" అని అరిచింది అత్త.

"కొట్టను."

"డబ్బు నువ్విత్తావేటి?"

"పానాలుంటే ఆడితో దెబ్బలాడుకోవచ్చు. దిగండి."

కాయను పసిపిల్లలా చెంగులో చుట్టుకుంది. డ్రైవరు ఫోన్లో ఓనరు తిట్లు విని, ఫోన్ జేబులో పెట్టుకుని కిందికి దిగాడు. "కాయ కొట్టకండా నాను కదపనమ్మా. నాకూ పిల్లలున్నారు" అన్నాడు. ఒక్కొక్కరే సంచులు పట్టుకుని, ఆమె మొహం చూడకుండా దిగారు.

తుపాను రాలేదు. సముద్రంలోనే నీరసించిపోయింది. సాయంత్రానికి ఎండ కాసింది. ఆ ఎండంత భయంకరమైనది నేను చూడలేదు. వీధి వీధంతా చిన్నమ్మ తలుపు వైపే చూస్తోంది. ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ తరవాత కొళాయి దగ్గర ఆమె బిందె కనపడితే చాలు, "తప్పుకోండి, గాలమ్మొచ్చింది" అనేవాళ్లు.

డబ్బు వాపసు కోసం చిన్నమ్మా నేనూ పలాసలో ఓనరు ఆఫీసు చుట్టూ తిరిగాం. మెట్లెక్కేటప్పుడల్లా ఆమె నా మణికట్టు పట్టుకునేది. గోళ్లు దిగేవి.

"బండి వచ్చింది. ఎక్కి దిగిపోయింది మీరు" అనేవాడు ఓనరు.

నేను వినియోగదారుల కోర్టుకు వెళ్తానన్నాను. ఆమె ఆఫీసు గుమ్మానికి వేలాడుతున్న నిమ్మకాయలూ మిరపకాయలూ చూస్తూ, "కాయ కొట్టకండా నీ బండి ఎప్పుడైనా కదిలిందేటి బాబూ? మా యాత్ర మొదలవనే నేదు" అంది. ఏ మాటకు లొంగాడో తెలియదు. చివరికి డీజిలు ఖర్చు పట్టుకుని మిగతాది ఇచ్చాడు. "ఇకమీదట కాయ కొట్టేదాకా మానుకోవడం మీ ఇష్టం. కొట్టాక నా ఇష్టం" అన్నాడు.

బయటికొచ్చాక నేను గెలిచామని ఎగిరాను. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఆ దినం మనం ఎల్లి, గాలొచ్చుంటే, ఈ డబ్బు ఎవులికిచ్చేవోడే?"

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆమె ఇంటింటికీ వెళ్లి ఎవరిది వారికి ఇచ్చింది. "మళ్లీ గాలొత్తే ఆపుతావేటి?" అని వెనకింటి అత్త ఎత్తిపొడిస్తే, "ఆపుతాను" అంది.

కర్మ అయిన రోజు ఆ అత్తే నా పక్కన కూర్చుని, చాలాసేపు కళ్లొత్తుకుని, "ఈ యేడు కాయ నువ్వే కొట్టాల" అంది.

"నాకు బయం అత్తా."

"అందుకే నిన్నడిగినాను."

రేపు పొద్దున్నే బస్సు. బంగాళాఖాతంలో అల్పపీడనమని ఫోన్ మధ్యాహ్నం నుంచి మోగుతూనే ఉంది. ఓనరుకి చేస్తే, కాయ కొట్టేదాకా మీ ఇష్టమేగా అని నవ్వుతున్నాడు. వీధిలో సంచులు సర్దుకుంటున్నారు, అట్లు పోసుకుంటున్నారు. ఎవరూ నన్నేమీ అడగడం లేదు గానీ, మా గుమ్మం దాటేటప్పుడు ప్రతి ఒక్కరి నడకా ఒక్క క్షణం ఆగుతోంది.

చీకటి పడేలోగా ఇది రాయాలని అరుగు మీద కూర్చున్నాను. కాయ నా ఒళ్లో ఉంది. ఎదురింటి తలుపుకి తాళం ఉంది. మా చెట్ల కమ్మలు ఇంకా ఎటుపడితే అటే ఊగుతున్నాయి. చిన్నమ్మ పెరట్లోని చెట్టు ఒక్కటే, ఇందాకటి నుంచి, కమ్మలన్నీ పడమటికి తిప్పుకుని కదలకుండా నిలబడి ఉంది.