వినాయకుడి వెనక చైనా

నిన్న మా బావ మీద గెలిచానండీ! మామూలుగా కాదు, చిత్తుగా గెలిచా! చివర్లో జరిగింది ఒక్కటి తీసేస్తే. అది కూడా చెప్తా, ముందు చాయ్ తాగండి.

మా బావ అంటే అక్క మొగుడు, బొల్లారంలో ఉంటాడు. ఆయన దగ్గర పాతకాలపు స్పీకర్లు ఓ జత ఉన్నాయి. పెళ్లయినా, బారసాలైనా, విస్తరి ముందు కూర్చున్నా ఒకటే పాట: "నావి అసలు ఇంగ్లండ్‌ల తయారైనయ్!" వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ఈమధ్యే ఆ ఇంగ్లండ్ కంపెనీ అదే మోడల్‌ని మళ్లీ కొత్తగా తెచ్చింది. అదే చెక్క, ముందు అదే గుడ్డ, అదే పేరు. నేను ఆగుతానా? ఆర్డర్ పెట్టేశా. పెట్టి ఊరుకున్నానా? చుట్టాలందరికీ ఫోన్ చేసి, "నావి కూడా ఇంగ్లండే!" అని చాటేశా.

తీరా డబ్బా విప్పి చూస్తే, వెనక లేబుల్ మీద 'డిజైన్ ఇంగ్లండ్, మేడ్ ఇన్ చైనా'! సరిగ్గా అప్పుడే మా ఆవిడ పద్మ పసుపు, కుంకుమ పట్టుకొచ్చింది, కొత్త వస్తువు కదా పూజ చేద్దామని. టక్కున ఐడియా వచ్చింది. ఇంట్లో ఉన్న వినాయకుడి స్టిక్కర్లు రెండు తీసి ఆ లేబుళ్ల మీద అంటించేశా.

"వెనకెందుకు? దేవుడు గోడకేసి చూస్తాడా?" అంది పద్మ.

"దిష్టి వెనక నుంచే తగుల్తది" అన్నా.

నిన్న బావ తన స్పీకర్లను ఆటోలో వేసుకుని, అక్కతో సహా మల్కాజ్‌గిరిలో మా ఇంటికి దిగిపోయాడు.

"పక్కపక్కన పెట్టి విందాం బామ్మర్దీ. ఓడినోడు ఇంక ఏ ఫంక్షన్‌ల స్పీకర్ల మాట ఎత్తొద్దు. మంజూరేనా?"

"మంజూర్!" అన్నా, లోపల్లోపల వినాయకుడికి దండం పెట్టుకుంటూ.

వైర్లు కలపడానికి ఆయన స్పీకర్ వెనక్కి వంగా. ముందు గుడ్డ పాడవుతుందని ఏటేటా దసరాకు వెనకే పెట్టిన బొట్లు అట్టకట్టి ఉన్నాయి. వైరు ఎక్కడ పెట్టాలో కనబడక తడిగుడ్డతో తుడిచా. కుంకుమ కింద చిన్న రేకుముక్క. దాని మీద, 'మేడ్ ఇన్ రాణిగంజ్, సికింద్రాబాద్'!

"అక్కా! జెర ఇటు రా! బావ ఇంగ్లండ్ రాణిగంజ్‌ల దొరికింది!"

బావ మొహం చూడాలి! "లోపలి సామాన్ ఇంగ్లండ్‌దే ఉంటది... అమ్మినోడు గట్లనే చెప్పిండు..." అని నసిగాడు.

అక్క ఊరుకుంటుందా? "ఇన్నేండ్ల సంది 'ఇంగ్లండ్‌ది, మెల్లగ తుడువు' అని నా పానం తీసింది దీనికేనా?"

నేను ఎగిరి గంతెయ్యడం ఒక్కటే తక్కువ. అప్పుడు పడింది బావ కన్ను నా వాటి మీద. "మరి నీ దాని ఎనక వినాయకుడు ఏం చేస్తుండు?"

గెలిచిన ఊపులో ఉన్నా కదా, నిజం చెప్పేశా. "కింద చైనా అని ఉంది బావా. దాచిన! అయితే ఏంది? చైనా కనీసం ఫారిన్! పాస్‌పోర్ట్ కావాలె! నీ రాణిగంజ్‌కు సిటీ బస్సు పోతది!"

పద్మ పకపకా నవ్వింది. అక్క చప్పట్లు కొట్టింది. బావ రెండు చేతులూ ఎత్తేశాడు. "ఓడిన తమ్మీ. ఇంక నోరెత్త. ఒక్కసారి ఆ చైనా చూపియ్."

ఎంత గర్వంగా లాగానో స్టిక్కర్‌ని! వినాయకుడితో పాటు లేబుల్ కూడా పీలికలై ఊడొచ్చింది. కంగారుగా రెండోది లాగా. అదీ అంతే! వెనక ఉత్త చెక్క.

బావ వంగి చూశాడు. వేలితో రుద్ది చూశాడు. మెల్లగా నవ్వాడు. "చైనా యాడుందిరా? గిది సుత రాణిగంజ్‌దేనేమో!"

వినడానికొచ్చి ఎవరూ ఒక్క పాటా వినలేదు. లోకంలో ఎవడైనా తన సరుకు ఇంగ్లండ్‌దని ఒట్టు పెడతాడు. నేను మాత్రం నట్టింట్లో నిలబడి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని బతిమాలుతున్నా: "అమ్మతోడు బావా, చైనాదే!"