అందరూ అవుననే వేశారట

అమెరికాలో వెండెల్ కౌంటీ అనే మారుమూల జిల్లాలో, లోదుస్తులతో ఆర్డిత్ నూట్సన్ అనే ఆవిడ కంటపడని పెద్దమనిషి లేడు. పాతికేళ్లుగా కౌంటీ అంబులెన్సు తోలుతోంది మరి. చర్చిలో ముందు వరసలో మెడ నిక్కించుకుని కూర్చునేవాళ్లని బాత్రూము నేల మీంచి లేపింది, ట్రాక్టరు కింద నుంచి లాగింది, వాళ్లు తన మీదే వాంతి చేస్తే కడుక్కుని మళ్లీ స్టీరింగు పట్టింది. పగలు బడి వంటింట్లో ఉద్యోగం. మిగతా వేళంతా నడుముకున్న పేజరు ఎప్పుడు మోగితే అప్పుడు పరుగు. ఆ పరుగుకి జీతం లేదు, ఆవిడ అడగనూ లేదు. బండికి డీజిలు, మందులు, ఇన్సూరెన్సు ఎవరైనా చూసుకుంటే చాలంది.

ఆ చూసుకునేది ఎవరన్న దగ్గరే వచ్చింది తంటా. రాష్ట్రం వాళ్లు కొట్టులో కొన్న ప్రతి సరుకు మీదా పన్ను గుంజుతారు, హైవేలకీ యూనివర్సిటీకీ పోస్తారు, అంబులెన్సా, అది మీ కౌంటీ గోల అంటారు. కౌంటీ చేతిలో ఉన్నది ఇళ్ల మీదా పొలాల మీదా వేసే పన్ను. అది కాస్తా షెరీఫు పోలీసులకీ, మట్టిరోడ్లకీ, జైలుకీ పోయేసరికి అడుగంటుతుంది. పోనీ పెంచుదామంటే రాష్ట్రం గీసిన గీత ఒకటి ఉంది, అది దాటాలంటే జనాన్ని ఓటు అడగాలి. మే నెలలో అడిగారు. అంబులెన్సు కోసం ఇంటిపన్ను మీద ఓ పిసరు అదనం, సమ్మతమేనా అని. ప్రాణం మీదికొస్తే కిటికీలోంచి అంబులెన్సు కోసం ఎదురుచూసే ఈ జనమే వద్దన్నారు. తేడా ఎంతంటే, ఎక్కువపడిన ఆ ఓట్లవాళ్లంతా ఒక్క స్కూలు బస్సులో పట్టేస్తారు.

వద్దన్నవాళ్లకి పెద్ద వెర్లిన్ హాప్ట్. ట్రాక్టర్ల షాపు ఆసామి. రెండేళ్ల కిందట ఇతగాడి గుండె మొరాయిస్తే, ఆస్పత్రి దాకా దారి పొడుగునా ఛాతీ నొక్కుతూ కూర్చుంది ఆర్డిత్. నొక్కి బతికించిన ఆ ఛాతీనే విరుచుకుని ఊరంతా తిరిగి, ప్రభుత్వం మన జేబులో చెయ్యి పెడుతోందని ఇళ్ల ముందు ప్రచారం అట్టలు పాతించాడు. సిగ్గూ శరమూ ఉన్న మనిషైతే వాటిల్లో ఒకటి ఆర్డిత్ ఇంటికి ఎదురుగా పాతడు. ఇతను పాతాడు.

ఇక చూడండి వైనం. ఓటులో పన్ను ఓడింది, బండి ఆగిపోయేలా ఉందని తెలియగానే ఈ వెర్లినే అక్టోబరులో ఫైరు స్టేషను హాల్లో విందు పెట్టాడు. బీన్సూ గొడ్డుమాంసమూ ఉడికించిన చిల్లీ, పక్కన దాల్చినచెక్క రొట్టె, ఆపైన అంబులెన్సు కోసం, ఊళ్లోవాళ్లు చేసిచ్చిన కేకుల వేలం. పన్ను కట్టమంటే ప్రాణం పోయినట్టు ఏడ్చిన మనుషులు ఒక్కో కేకుకి ఆవుదూడ ధర పాడారు. ఎందుకు పాడరు? పాడినవాడి పేరు మైకులో మోగుతుంది, చప్పట్లు పడతాయి. పన్ను కడితే ఎవడు చప్పట్లు కొడతాడు?

అది చాలదన్నట్టు, ఆర్డిత్ గిన్నె పట్టుకుని వరసలో నిలబడితే ఒక్కొక్కరే వచ్చి చెవిలో ఊదడం మొదలెట్టారు. "నేను మాత్రం అవుననే వేశాను సుమా" అని బ్యాంకు మేనేజరు, అతని భార్య, మొక్కజొన్న గోదాముల వాళ్లు, ఆఖరికి అట్టలు అచ్చువేసినవాడు కూడా. ఆవిడ అందరికీ తలూపింది. వీళ్లందరూ అవునని వేసుంటే ఆ వద్దన్న ఓట్లు ఆవులు వేసుంటాయా అనుకుంది. చిల్లీ తినకుండానే గిన్నె పక్కన పెట్టేసింది.

ఆవిడ చేసిన క్యారెట్ కేకుని వెర్లినే పాడుకున్నాడు, అన్నిటికంటే ఎక్కువ పెట్టి. మైకు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, "చూశావా ఆర్డిత్, మన పని మనమే చేసుకున్నాం. రెండు మాటలు చెప్పు" అన్నాడు.

"ఈ డబ్బు క్రిస్మస్ దాకా వస్తుంది. జబ్బు పడదల్చుకున్నవాళ్లు ఈలోపే పడండి" అంది ఆర్డిత్.

హాలంతా పగలబడి నవ్వింది. వెర్లిన్ అయితే కళ్లు తుడుచుకున్నాడు. తిట్టినా తెలియని జనాన్ని ఏం చెయ్యాలి?

ఒకప్పుడు ఎనిమిది మంది ఉండే అంబులెన్సు జట్టులో మిగిలింది ఆర్డిత్, గేలెన్ ప్రోహాస్కా అనే కుర్ర మెకానిక్కూ, అంతే. పడినవాణ్ణి ఎలా ఎత్తాలో ఆ కుర్రాడికి దగ్గరుండి నేర్పింది ఆవిడే. ఈ కౌంటీలో ఆవిడ నోట తిట్టు తినని మనిషి ఎవడైనా ఉంటే అతనే. కౌంటీ పెద్దలు ఒక మాటిచ్చారు: ఎలాగోలా బండి ఆగకుండా లాక్కొస్తే, వచ్చే మే నెలలో మళ్లీ ఓటు పెడతాం, ఒకసారి ఆగిందా, ఇక ఓటూ లేదు బండీ లేదు అని. అందుకే ఆ రాత్రి ఆవిడ అంత అవమానమూ దిగమింగి, కేకుల డబ్బుకి అందరికీ దణ్ణం పెట్టి వచ్చింది.

మర్నాడు ఆదివారం పొద్దున ఇద్దరూ షెడ్డులో బండి కడుగుతున్నారు. చెవిలో ఊదినవాళ్లని ఒక్కొక్కర్నీ అనుకరించి చూపిస్తోంది ఆర్డిత్. బ్యాంకు మేనేజరు ఎలా మూతి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్నాడో కూడా చేసి చూపించింది. గేలెన్ నవ్వలేదు. చక్రానికి సబ్బు రుద్దుతూ, తలెత్తకుండా అన్నాడు.

"నేను వద్దనే వేశాను ఆర్డిత్."

ఆవిడ నీళ్లు కట్టేసింది.

"ఎలాగూ నెగ్గుతుందనుకున్నా. ఊరంతా అవునంటున్నారు కదా. ఇంటిపన్ను ఇప్పటికే నడ్డి విరగ్గొడుతోంది. నాదొక్కటి అటు పోతే ఏమవుతుందిలే అనుకున్నా."

"మరి ఇప్పుడెందుకు చెప్పడం?"

"నీ దగ్గర అబద్ధం ఆడలేక."

అబద్ధమే ఆడుంటే బావుండేది. అబద్ధాలకోర్లని ఈసడించుకుంటూ ఇంకో పాతికేళ్లయినా తోలేసేది ఆవిడ. అసహ్యించుకోకుండా వదిలిపెట్టిన ఒక్క మొహమూ ఇదే, ఇది కూడా పోయింది. నడుము నుంచి పేజరు తీసి, తాళాలు తీసి, రెండూ తడి బానెట్టు మీద పెట్టింది.

గేలెన్ సబ్బు గుడ్డ వదిలేసి లేచాడు. "అదేంటి? ఒకళ్లు తోలాలి, ఒకళ్లు వెనక మనిషిని చూసుకోవాలి. నేనొక్కణ్ణే ఎలా వెళ్లను?"

"ఊరంతా అవునన్నారు కదా. ఎవరో ఒకరు వస్తార్లే" అని కోటు తొడుక్కుని, ఆవిడ ఇంటికి నడిచింది.

ఎవరూ రాలేదు, బండి మళ్లీ షెడ్డు దాటలేదు. కేకుల డబ్బు ఇప్పటికీ బ్యాంకులోనే ఉంది.