ఏడు నగరాలు, ఇద్దరి సంతకాలు

ఆ ఏప్రిల్‌లో నేను రోజూ జహీరాబాద్ నుంచి సంగారెడ్డి వెళ్లి వస్తున్నాను. ఇంటర్ జవాబు పత్రాలు దిద్దే పని. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పొద్దున ఏడింటికి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర దాటేది. ఒకే ప్రశ్నకు ఒకే తప్పు జవాబును వందమంది రాస్తే, చివరికి అదే సరైనదేమోనని అనుమానం వచ్చేంత అలసట.

అట్లాంటి ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల పక్క గోడ మీద యూరప్ పటం అంటించి ఉంది. నాలుగు కాగితాల మీద ప్రింటు తీసి అతికించినట్టున్నారు, మధ్యలో అతుకు కనిపిస్తోంది. ఎర్ర పెన్నుతో గీత. వెనిస్, జ్యూరిచ్, సాల్జ్‌బర్గ్, వియన్నా, బుడాపెస్ట్, ప్రాగ్, బెర్లిన్. మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు అయిపోయి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ తను చేసిన పని అది.

"ఏడు ఊర్లా?" అన్నాను, భుజానికున్న బ్యాగు కూడా దించకుండా.

"పదిహేను రోజులు. అన్నీ రైళ్లే. విమానం పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి," అంది.

మాట ఇచ్చింది నేనే. తను ఎనిమిదిలో ఉన్నప్పుడు కామెర్లు వచ్చి నెలన్నర మంచం మీద ఉంది. అప్పుడు ఫోన్లో రైలు వీడియోలు చూసేది. డ్రైవరు గదిలోంచి తీసినవి. మంచు కొండలు, సొరంగాలు, ఎవరూ దిగని చిన్న స్టేషన్లు, గంటల తరబడి అవే. ఒకరోజు మందు మింగనని మొండికేస్తే, పదో తరగతి కానివ్వు, నిన్ను ఆ రైళ్లు ఎక్కిస్తానని చెప్పాను. జబ్బు పిల్లలకు చెప్పే మాటలు అట్లాగే ఉంటాయి. తను మాత్రం దాన్ని మాటగానే తీసుకుంది. రెండేళ్లు గుర్తుపెట్టుకుంది. గణితంలో వెనకబడ్డప్పుడల్లా నేనే ఆ మాట ఎత్తి చదివించాను కూడా. ఇక వెనక్కి వెళ్లడానికి నాకు దారి లేదు.

తర్వాతి వారమంతా మా ఇంట్లో అవే మాటలు. నేను అన్నం వండుతుంటే తను రైళ్ల సమయాలు చదివి వినిపించేది. ఏ రైలుకు ఏ పక్క కూర్చుంటే నది కనిపిస్తుందో చెప్పేది. నాకు నది వినపడేది కాదు, పొద్దున ఐదున్నరకు గది ఖాళీ చేయాలన్న మాటే వినపడేది. వెనిస్ నుంచి జ్యూరిచ్ పోయే దారిలో మిలాన్‌లో రైలు మారాలి, మధ్యలో తొమ్మిది నిమిషాలే ఉన్నాయి. నా ఎడమ మోకాలు పాత దెబ్బ. మెట్లు దిగుతుంటే పట్టేస్తుంది. తొమ్మిది నిమిషాల్లో సూట్‌కేసు పట్టుకుని పరిగెత్తడం నా వల్ల కాదని చెప్పాను. ఊళ్లు తగ్గించమన్నాను. పక్క ప్లాట్‌ఫామే కదా అంది తను. పక్కదైనా మెట్లు మెట్లేనన్నాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు వీసాకు కావలసిన కాగితాల జాబితా నా ఫోన్‌కు పంపింది, పైన ఒక్క మాట కూడా రాయకుండా.

ఆ జాబితా నేను తిరుగు బస్సులో చదివాను. బ్యాంకు కాగితాలు, ఇన్సూరెన్సు, నా ఆఫీసు నుంచి విదేశం వెళ్లడానికి అనుమతి. అన్నీ తెలిసినవే. చివరి నుంచి రెండోది చదివాక ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలతో తల్లిదండ్రుల్లో ఒక్కరే వెళ్తుంటే, రెండోవారి అంగీకార పత్రం నోటరీ చేయించి ఇవ్వాలి.

అమ్మాయి వాళ్ల నాన్నా నేనూ విడిపోయి ఆరేళ్లయింది. కోర్టు ద్వారానే విడిపోయాం, పెద్దగా గొడవ లేకుండానే. పాప నా దగ్గర ఉంటుంది, బాధ్యత మాత్రం ఇద్దరిదీ అని కాగితాల్లో ఉంది. ఆయన బీదర్‌లో మళ్లీ పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడ్డాడు. మొదట్లో నెలకోసారి వచ్చి పాపను చూసేవాడు. తర్వాత పండుగలకు ఫోను. మూడేళ్లుగా ముఖాముఖి చూసుకున్నది లేదు. బీదర్ ఎంతో దూరం కాదు, రైల్లో గంట కూడా పట్టదు. దగ్గరున్న ఊరికి వెళ్లకపోవడం ఒకసారి అలవాటైతే అది ఎంత దూరమైనా అయిపోతుంది.

నేను ఫోను చేయలేదు. ఇవాళ తలనొప్పి, రేపు చేద్దాం అనుకున్నాను. రేపు పేపర్లు ఎక్కువ. అమ్మాయి అడిగితే, నా ఆఫీసు అనుమతి ఇంకా రాలేదని చెప్పాను. నిజానికి అది అప్పటికే వచ్చింది. మడిచి నా హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో పెట్టుకున్నాను. అబద్ధం చెబుతున్నానని కూడా అనిపించలేదు. ఒక్క పని కొంచెం ఆగితే చాలు, ఊపిరి తీసుకుంటాను అనిపించింది, అంతే.

ఒక ఆదివారం పొద్దున తను పాస్‌పోర్టు ఫోటోల కోసం నా బ్యాగు వెతికింది. నేను వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తున్నాను. వచ్చి గడప దగ్గర నిలబడింది, చేతిలో నా ఆఫీసు అనుమతి ఉత్తరం.

"ఇది వచ్చి తొమ్మిది రోజులైంది," అంది.

నేను రొట్టె తిప్పాను.

"డాడీ సంతకం గురించేనా?"

"నీకెట్ల తెలుసు?"

"లిస్టు నేనే కదా నీకు పంపింది. నువ్వు ఎప్పుడు చెప్తవో అని చూస్తున్న."

మరి నువ్వే అడగొచ్చు కదా అన్నాను. నాకే తప్పు అనిపించే గొంతుతో.

"నేనడిగితే నువ్వు పోదామనవు, వద్దనవు. ముఖం గిట్ల పెడ్తవు," అని నా ముఖం పెట్టి చూపించింది. సరిగ్గా నాలాగే ఉంది. దించుకున్న కనురెప్పలు, ఒక పక్కకు బిగిసిన పెదవి. నేను అందరికీ రోజూ చూపించే ముఖం అదా అని ఆ పూటంతా అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు సంగారెడ్డిలో భోజనాల విరామంలో, వరండా చివర కొళాయిల దగ్గర నిలబడి ఆయనకు ఫోను చేశాను. చెప్పాల్సింది మూడు వాక్యాల్లో చెప్పాను. ఆయన అభ్యంతరం పెట్టలేదు, ఎందుకని కూడా అడగలేదు. శనివారం బీదర్ కోర్టు దగ్గర నోటరీ ఉంటాడు, పదకొండుకు రమ్మన్నాడు. పన్నెండు రోజులు నేను మోసిన బరువు ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది. తేలిక పడాల్సింది పోయి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

శనివారం పొద్దున రైలెక్కాం. కిటికీ బయట చెరకు కొట్టేసిన చేలు, ఎర్ర మట్టి, అక్కడక్కడా అల్లం కోసం దున్ని పెట్టిన మడులు. తను ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మంచి చుడీదార్ వేసుకుంది, నేను చెప్పకుండానే.

ఆయన ఒక జిరాక్సు షాపు ముందు స్కూటరు ఆపుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. అమ్మాయిని చూసి, "ఎత్తు పెరిగినవ్," అన్నాడు. తను తలూపింది. నాకు వేరే చిక్కు వచ్చింది. ఒకప్పుడు ఆయన్ని మీరు అనేదాన్ని. ఇప్పుడు మీరు అంటే పాత భార్యలా ఉంటుంది, నువ్వు అంటే కొట్లాటకు వచ్చినట్టు ఉంటుంది. అందుకని ఆ గంటసేపూ ఎవరినీ పిలవని వాక్యాలే మాట్లాడాను. సంతకం ఇక్కడ పెట్టాలట. ఆధార్ కాపీ రెండు కావాలట. అన్నీ ఎవరో చెప్పినట్టే.

నోటరీ వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నాం, మధ్యలో అమ్మాయి. ఆయన ఫైలు అడిగి తీసుకున్నాడు. ప్రయాణ వివరాలన్నీ అందులోనే ఉన్నాయి, పదకొండు పేజీలు. సంతకం పెట్టాల్సిన కాగితం ఒక్కటే చూస్తాడనుకున్నాను. ఆయన మొదటి పేజీ నుంచి చదివాడు, వేలు పెట్టి, వరసవరసా. నేను ఆ పదకొండు పేజీలు ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. వంట చేస్తూ విన్నాను, అంతే.

నాలుగో పేజీ దగ్గర ఆగాడు. "ఈడ తొమ్మిది నిమిషాలే ఉన్నది. అమ్మకు మోకాలు నొప్పి కదా, ఎట్ల ఉరుకుతది?"

అమ్మాయి ఆ వరస మీదికి వంగి చూసింది. తర్వాత, "మారుస్త," అంది.

రెండు రోజులు అలిగి నాకు ఇవ్వని జవాబు ఆయనకు అర నిమిషంలో ఇచ్చింది. ఆ మోకాలు దెబ్బ ఆయన నడిపే స్కూటరు మీంచి నేను పడ్డప్పటిదే. పెళ్లయిన మూడో ఏడు, చిరాగ్‌పల్లి మలుపులో. ఆయనకు గుర్తుంటుంది మరి. సంతోషించాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. దవాఖానాకు తిరిగింది నేను, నొప్పి నాది, ఆ ఒక్క వాక్యంతో మంచివాడైపోయింది ఆయన. ఇంత చిన్నదానికి ఇంత కోపం రావడం కూడా అలసటేనని ఇప్పుడు అనుకుంటాను.

నోటరీ ఉర్దూలో రెండు ప్రశ్నలు అడిగి ముద్ర వేశాడు. ఆయన సంతకం పెట్టాడు, కింద నేను పెట్టాను. మా ఇద్దరి పేర్లు ఒకే కాగితం మీద కనపడటం కోర్టు తర్వాత అదే మొదలు. ఏమైనా తిందామా అని ఆయన అమ్మాయిని అడిగాడు. రైలుకు టైమవుతోందని చెప్పింది తను. రైలుకు ఇంకా రెండు గంటలుంది. ఆయనకూ తెలిసే ఉంటుంది. "మంచిగ పోయి రండ్రి," అని స్కూటరు స్టార్టు చేశాడు.

ఆ రెండు గంటలూ బీదర్ స్టేషన్ బెంచీ మీద గడిపాం. చెరో అరటిపండు తిన్నాం. ఇన్ని ఊళ్లెందుకే, ఒకటో రెండో చూసి రావచ్చు కదా అని నేను మళ్లీ అడిగాను. ఈసారి దెబ్బలాటకు కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"ఒక్క దగ్గర మూడు రోజులుంటే మనిద్దరం కొట్లాడుకుంటమమ్మా," అంది. "రైలెక్కితే నువ్వు నిద్రపోతవు. లేచినంక మంచిగ మాట్లాడ్తవు."

ఎగతాళి కాదు. లెక్కల్లో ఒక మెట్టు ఎట్లా వచ్చిందో చెప్పినట్టు చెప్పింది. పరీక్షలు, ట్యూషన్లు, నా బస్సులు, ఎన్నేళ్లుగానో తను నన్ను ఇట్లా గమనిస్తూ, దానికి తగ్గట్టు ఇంట్లో తిరుగుతోందన్నమాట. నేను అరటి తొక్కలు రెండూ తీసుకుని లేచి, డబ్బాలో వేసి వచ్చాను.

హైదరాబాద్‌లో వీసా కేంద్రానికి వెళ్లే రోజు పొద్దున నాలుగింటికే లేచాం. వేలిముద్రలు తీసుకునే యంత్రం నా వేళ్లను మూడుసార్లు ఒప్పుకోలేదు. దరఖాస్తులో నా ఉద్యోగం చూసి, సుద్దముక్కలు పట్టి పట్టి గీతలు అరిగాయేమో అని అక్కడి అమ్మాయి అంటే మా అమ్మాయి నవ్వింది. తర్వాత ఎదురుచూడటం. పదిహేను రోజులన్నారు. ఇరవై అయ్యాయి. విమానం ఎక్కాల్సిన రోజు వచ్చింది, వెళ్లింది. ఆ రోజు తను గదిలోంచి బయటికి రాలేదు. గోడ మీది పటం నేను తీసేయలేదు, తనూ తీయలేదు. నిజం చెప్పాలంటే నాలో ఎక్కడో ఒక మూల, రాకపోతే బాగుండు, పడుకోవచ్చు అని కూడా ఉంది. అది తనకు కనపడకుండా ఉండాలని ఆ రోజుల్లో ఇంట్లో ఊరికే పనులు కల్పించుకుని తిరిగాను.

ఇరవై మూడో రోజు పాస్‌పోర్టులు వచ్చాయి, వీసాలతో. జూన్ ఒకటిన కాలేజీలు తెరుస్తారు, నేను డ్యూటీలో ఉండాలి. విమానం టికెట్ల తేదీలు మార్చుకుని లెక్క వేస్తే చేతిలో తొమ్మిది రోజులు మిగిలాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. తను లాప్‌టాప్ తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది. వెనిస్ తీసేసింది, జ్యూరిచ్, బుడాపెస్ట్, బెర్లిన్ తీసేసింది. పదకొండు పేజీలు నాలుగయ్యాయి. సాల్జ్‌బర్గ్, వియన్నా, ప్రాగ్ మిగిలాయి. అంతా అయ్యాక తలెత్తి చూసింది.

"నీకేం చూడాలని ఉంది?"

నెలన్నర నుంచి ఆ మాట తను అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఆలోచించాను. చర్చిలు, కోటలు, వంతెనలు, ఏదీ మనసులోకి రాలేదు. "ఒక్కరోజు ఎక్కడికీ పోకుండ ఉండాలని ఉంది," అన్నాను. అలుగుతుందనుకున్నాను. ప్రాగ్‌లో చివరి రోజు గడిలో ఉన్నవన్నీ కొట్టేసి, దాన్ని ఖాళీగా వదిలేసింది.

వెళ్లాం. వియన్నాలో ఒక తోటలో బెంచీ మీద కూర్చుని తను వాళ్ల నాన్నకు తనంతట తనే ఫోను చేసింది. నేను లేచి పూలమడుల వైపు నడిచాను. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు. సాల్జ్‌బర్గ్‌లో గొడుగు ఎవరు మర్చిపోయారని గట్టిగానే పోట్లాడుకున్నాం.

ప్రాగ్‌లో ఆ ఖాళీ రోజు పొద్దుటి నుంచీ వాన. తను పదకొండు దాకా నిద్రపోయింది. నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న టీ పొడితో టీ పెట్టుకున్నాను. కింద ట్రాములు తడుస్తూ పోతున్నాయి. చదవడానికేమీ లేదు, దిద్దడానికేమీ లేదు. మధ్యాహ్నం ఆకలై ఇద్దరం కిందికి దిగి బ్రెడ్డు, టమాటాలు కొనుక్కొచ్చి, మా అమ్మ పంపిన కారప్పొడి చల్లుకుని మంచం మీదే కూర్చుని తిన్నాం. అలసట తీరిందని చెప్పను. ఇంటికి వచ్చిన మూడో రోజే కాలేజీలో అడ్మిషన్ల పని మొదలైంది, తను హైదరాబాద్‌లో ఇంటర్‌లో చేరి హాస్టల్‌కు వెళ్లింది. ఆ మధ్యాహ్నం మాత్రం, తింటూ తింటూ తను ఏదో స్నేహితురాలి కథ మొదలుపెట్టి, సాయంత్రం దాకా చెబుతూనే ఉంది. నేను మొదటి నుంచి చివరి దాకా విన్నాను.