మగ్గం గుంతలో నాయన కాళ్లు

శ్రీరంగప్ప నేసిన చీరలు ఎన్ని పెళ్లి ఫోటోల్లో ఉన్నాయో లెక్కలేదు. శ్రీరంగప్పకు మాత్రం ఒకటే ఫోటో, ఆధార్ కార్డు మీదిది. అందులో ఆయన దొంగతనం మోపితే బిత్తరపోయిన మనిషిలా ఉంటాడు. ఆయన పోయి ఏడాది కావస్తుండగా కొడుకు వీరేష్ ధర్మవరం నుంచి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"సంవత్సరీకానికి నాయన పటం ఉండల్ల. ఊళ్లోళ్ల గోడలకంతా బొమ్మలేస్తావు, మనింటికొకటి వెయ్యలేవా మే?"

త్రివేణి సోమందేపల్లెలో ఉంటూ బడి గోడల మీద బొమ్మలు వేసి బతుకుతోంది. సరేనంది. కానీ ఎన్నిసార్లు గీసినా ముఖం ఆధార్ కార్డు దగ్గరే ఆగిపోయింది. కళ్లు మూసుకుంటే ఆమెకు కనబడేది నాయన ముఖం కాదు, కాళ్లు.

వానల్లేక చేను విడిచి మగ్గం పట్టిన కుటుంబం వాళ్లది. అమ్మ సుబ్బలక్ష్మమ్మ పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పిల్లను ఎత్తుకోవడానికి ఎవరి చెయ్యీ ఖాళీ లేదు. నాయన నేలమీద కూర్చుని, కాళ్లు మగ్గం గుంతలోకి దించి తొక్కుడు చెక్కలు తొక్కేవాడు. ఆ గుంతలోనే ఒక మూల త్రివేణిని కూర్చోబెట్టేవాడు. ఎండాకాలం ఇల్లు పెనంలా కాలుతున్నా గుంత చల్లగా ఉండేది. పైన ఏ రంగు చీర పడుతోందో పిల్లకు తెలియదు. ఎదురుగా రెండు పాదాలు, ఒకటి దిగితే ఒకటి లేచేవి. పోగు తెగితే ఆగేవి. ఆమె ఏడిస్తే బొటనవేలు వచ్చి పొట్టమీద గిలిగింత పెట్టేది.

పొయ్యి బొగ్గుతో గుంత గోడ మీద ఆమె గీసిన మొదటి బొమ్మ ఆ కాళ్లే. పండక్కి అమ్మ ఆ గోడ అలకబోతే నాయన అడ్డుపడ్డాడు. "దాని జోలికి పోవద్దు. పాప పలక అది." ఇప్పటికీ కుంచె పట్టుకుంటే త్రివేణి పాదం తనకు తెలియకుండానే నేలను తొక్కుతుంది.

పట్టుచీర కట్టిన పెళ్లికూతురి పాదాలకు పారాణి పెడతారు. ఆ చీర నేసిన పాదాలు గుంత చెమ్మకు పగిలి, మోకాళ్లు వాచి, గడప దాటలేకపోతే ఏమైందని అడిగే దిక్కుండదు. శ్రీరంగప్ప చివరికి గోడ పట్టుకునే నడిచాడు.

సంవత్సరీకం నాడు త్రివేణి పటం మీది గుడ్డ తీసింది. చీకటి గుంత, చెక్కల మీద రెండు పాదాలు, పగిలిన మడమలు, గోరూడిన బొటనవేలు.

వీరేష్ ముఖం మాడిపోయింది. "మొగం యాడమే? చుట్టాలంతా వచ్చినారు, ఏమని చెప్పల్ల?"

మేనమామ నరసింహప్ప అందుకున్నాడు. "పూలదండ యాడ వెయ్యల్లప్పా, మోకాళ్లకా?"

అందరూ నవ్వారు. త్రివేణి మాత్రం అమ్మ వైపే చూస్తోంది. అమ్మ వద్దంటే పటాన్ని మళ్లీ గుడ్డలో చుట్టేయాలనుకుంది.

సుబ్బలక్ష్మమ్మ దగ్గరికొచ్చి, కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని, చాలాసేపు చూసింది.

"పెండ్లిలో నేను మొదట చూసింది గూడా ఇవే," అంది. "తల ఎత్తనిచ్చినారా మమ్మల్ని? ఈ కాళ్లు చూసే అనుకుంటి, కష్టం చేసే మనిషేలే అని."

వీరేష్ మెల్లగా లేచి సుత్తి, మేకు తెచ్చి గోడకు పైన గుర్తు పెట్టబోయాడు.

"పైన కొట్టొద్దురా. గుంతలో కాళ్లు నెత్తి మీదికి ఎట్లొస్తాయి? ఆడ పెట్టు," అంది తల్లి.

ఆడ అంటే ఇప్పుడు వీరేష్ నడిపే కరెంటు మరమగ్గం పక్కన, పాత గుంత పూడ్చి బండలు పరిచిన చోటు. పటాన్ని నేలమీదే గోడకు ఆనించి నిలబెట్టారు. "నువ్వే పెట్టు పాపా" అని తల్లి కుంకుమ భరిణె అందిస్తే, త్రివేణి రెండు బొటనవేళ్లకూ బొట్టు పెట్టింది.

పూలు పెట్టడానికి ఒక్కొక్కరే వంగారు. నరసింహప్ప నడుం పట్టుకుని మూలిగాడు.

"బతికినన్నాళ్లూ మగ్గం కాడ బావతో మాట్లాడల్లంటే వంగాల్సిందే. ఇప్పుడూ అదే పనాయె."