ముళబాగిలు మీదుగా మాస్తికి

ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే ముఖానికి కొట్టే వేడి రెగ్జిన్ వాసనకు, యాభై దాటిన ఈ వయసులో కూడా నేను ముక్కు మూసుకుంటాను. బెంగళూరులో మా అపార్ట్‌మెంటు వాళ్లు సెలవు దొరికితే చాలు, సొంతంగా కార్లు తోలుకుంటూ అందమైన దారులు వెతుక్కుంటూ పోతారు. సోమవారం పొద్దున లిఫ్టులో ఆ ఫోటోలన్నీ చూపిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందమైన దారులంటే ఏమిటో నాకు ఎనిమిదేళ్లకే తెలుసు. మా నాన్న చూపించాడు. వద్దు మొర్రో అన్నా చూపించాడు.

నాన్న కేజీఎఫ్ బంగారు గనుల స్టోర్సు ఆఫీసులో గుమాస్తా. మేముండేది చాంపియన్ రీఫ్స్‌లో, గని పైన పెద్ద ఇనుప చక్రం తిరిగే చప్పుడు పగలంతా వినబడే క్వార్టర్సులో. ఊరు వదిలిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర నాన్న ముదురాకుపచ్చ రంగు పాత కారొకటి కొన్నాడు. కొన్నాడు గానీ తోలడం మాత్రం రాలేదు. గనిలోంచి వచ్చిన మట్టి కొండల్లా పేరుకున్న సైనైడ్ దిబ్బల కింద మైదానంలో మూడు నెలలు నేర్చుకున్నాడు. క్లచ్చి తొక్కమంటే బ్రేకు తొక్కేవాడు, బ్రేకు తొక్కమంటే కళ్లు మూసుకునేవాడు. రెండుసార్లు బండి ముక్కు దిబ్బలో దిగబడింది. బళ్లో లెక్కలు చెప్పే మా అమ్మ చూసి చూసి విసిగిపోయి, ఒక ఆదివారం కుచ్చిళ్లు ఎగదోపుకుని "లెయ్యండి అట్ల" అని స్టీరింగు ముందు కూర్చుంది. ఆస్పత్రి అంబులెన్సు తోలే పక్కింటి మామ నేర్పాడు. నెల తిరిగేసరికి అమ్మ చేతిలో లైసెన్సు ఉంది.

ఏటా మే నెలలో మాస్తికి, అమ్మ పుట్టింటికి పోయేవాళ్లం. బంగారపేట మీదుగా పోతే గంటన్నర. కానీ నాన్న ముందురోజు సాయంత్రమే పాత ఆఫీసు కాగితం వెనక ఎర్ర సిరాతో దారి గీసేవాడు. మాస్తి పడమర దిక్కున ఉంటే ఆయన దారి తూర్పుకు మొదలయ్యేది.

"మాస్తికి పోయేదానికి ముళబాగిలు యాల?" అని అమ్మ విసుక్కునేది.

"నేరుగా పోయేదానికి బస్సు ఉండాది. కారు ఉండేది దోవ చూసేదానికి" అనేవాడు నాన్న.

ఇంక చూడటమే. ముళబాగిలులో లారీల మధ్య బండి నిలిపి, నెయ్యి కారుతున్న దోసెలు తిని, ఆవని కొండ దగ్గర దిగి చూసి, కోలారు చేరి, అంతరగంగె మెట్లెక్కి రాతి బసవన్న నోట్లోంచి పడే చల్లటి నీళ్లు తాగి, కోతులకు సగం చక్కిలాలు పోగొట్టుకుని, మామిడి తోటల పక్కన, కోత అయిపోయి బోడిగా ఉన్న రాగి చేల పక్కన, దుమ్ములో మాలూరు వైపు తిరిగేవాళ్లం. ప్రతి గుండ్రాయి గుట్ట ముందూ నాన్న "దిగండి, చూడండి" అనేవాడు. ఏముంది చూడటానికి? రాయి. ఇందాక చూసినటువంటి రాయే. మలుపు మలుపుకీ మా అక్కకు వాంతులు. దాని ఒళ్లో ఖాళీ పాలపొడి డబ్బా, పక్కన ముక్కు మూసుకుని నేను.

ఇంత తిప్పీ ఊరి పొలిమేరలో, మల్బరీ తోటల మలుపు దగ్గర "నిలుపు" అనేవాడు.

"మీ నాయన అరుగు మీద కూర్చోనుంటాడు. పెండ్లాము తోలతా ఉంటే పక్కన కూర్చోని ఎట్ల దిగేది?"

కారును బండరాళ్ల చాటున దాచి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఆయన ముందు, మేము వెనక, మైలు దూరం నడిచేవాళ్లం. బస్సులో వచ్చినామని తాతకు చెప్పేవాడు. రెండేళ్లు ఇలాగే గడిచాయి. అమ్మకు కారు తోలడం వచ్చని పుట్టింట్లోనే తెలియదు.

మూడో ఏడు ఆ చుట్టుకు ఇంకో గుట్ట కలిపాడు. మల్బరీ మలుపుకు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. అక్క ఒళ్లు పెనంలా కాలుతోంది, మెడ నిలపలేక నా భుజం మీద వాలిపోయింది. ఎనిమిదేళ్ల నాకు అది చచ్చిపోతుందేమోనని భయం పట్టుకుంది.

"నిలుపు" అన్నాడు నాన్న.

అమ్మ నిలపలేదు.

"చెప్తా ఉండానా, నిలుపు!"

"బిడ్డ నడవలేదు. మీకు సిగ్గయితే మీరు దిగండి" అంది అమ్మ, వేగం తగ్గించకుండానే.

ఊళ్లోకి వెళ్లాం. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. తాత ఇంటి ముందు అమ్మ బండి ఆపేసరికి నాన్న వంగి సీటు కింద ఏదో వెతుకుతున్నాడు. తాత అరుగు దిగి, ముందు అమ్మను చూశాడు, తర్వాత వంగి ఉన్న అల్లుణ్ని చూశాడు.

"ఏమప్పా, కింద ఏమి ఎతకతా ఉండావు?"

"చెప్పు... చెప్పు పడిపోయింది మామా."

తాత వెనక తలుపు తీశాడు. అక్కను ఎత్తుకుని లోపల చల్లటి గచ్చు మీద పడుకోబెట్టాడు. అవ్వ మజ్జిగ తాగించి తడిగుడ్డ వేసింది. సాయంత్రానికి అక్క లేచి ముద్ద తింది. అప్పుడు తాత అమ్మ వైపు తిరిగాడు.

"రేపు పట్టుగూళ్లు కోలారు మార్కెట్టుకు పోవాల. ఆలస్యమైతే పురుగు గూడు తొలిచేస్తాది. తోలతావా అమ్మా?"

"తోలతాను నాయనా." అమ్మ అప్పుడే కారు తాళం కొంగున ముడేసుకుంది.

మర్నాడు ముందు సీట్లో తాత, వెనక గూళ్ల బుట్టల మధ్య నేనూ నాన్నా. మాలూరు దాటాక నాన్న ఉండబట్టలేక నోరు విప్పాడు. "మామా, ఇట్ల కుడిపక్క మళ్లితే ఒక గుట్ట ఉండాది..."

తాత వెనక్కి తిరగనైనా లేదు. "నువ్వు నేరుగా పోనీమ్మా" అన్నాడు.

ఆ తర్వాత పొలిమేరలో ఎప్పుడూ దిగలేదు. ముళబాగిలు చుట్టు మాత్రం తప్పలేదు. గనులు మూతపడి, కారు అమ్మేసే దాకా ప్రతి మే నెలా అదే ఎర్ర సిరా, అదే రాయి.

పోయిన నెల అమ్మను మాస్తికి నేనే తీసుకుపోయాను. మల్బరీ తోటలు ఉన్నచోట ఇళ్ల సైట్ల రాళ్లు పాతి ఉన్నాయి, రంగు జెండాలు కట్టి ఉన్నాయి. తిరిగి వస్తూ ఆ పాత చుట్టుదారి గుర్తొచ్చి నాన్నను తిట్టుకున్నాను. గంటన్నర దారికి పూటంతా తిప్పిన మనిషి ఇంకెవరైనా ఉంటారా అని అమ్మనే అడిగాను.

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "నేరుగా పోతే బేగ ఊరొచ్చేస్తాది. ఊరొస్తే నేను దిగాల. నాకు తోలేది శానా ఇష్టమని ఆయనకి తెలుసు."

"ఆ మాట నీతో ఎప్పుడైనా అన్నాడా?"

"యాడంటాడు!"

నాకు ఇంకా కోపం వచ్చింది. భార్య తోలుతుంటే చూడటం ఇష్టమే, ఊళ్లోవాళ్లు చూస్తే మాత్రం సిగ్గు. ఒక్క మాట చెప్పి ఉంటే అక్కనూ నన్నూ ఇంటి దగ్గర వదిలేసి వాళ్లిద్దరే తిరిగేవాళ్లు కదా. నాలుగు వరసల రోడ్డు మీద బండి తోలుతూ ఆయనతో గట్టిగా పోట్లాడాలనిపించింది. ఆ మామిడి తోటలు లేవు, ఆ మలుపులు లేవు, అటు ముళబాగిలు దగ్గర కూడా ఇప్పుడు ఊళ్లోకి వెళ్లే పనే లేకుండా పక్కనుంచే రోడ్డు పోతోందట. పోట్లాడదామంటే మనిషి లేడు.