చివరి రీలు రాని రోజు

అంతయ్యకు నోరే ఆస్తి. సుల్తానాబాద్‌లో డేరా టాకీసు వేసిన ప్రతిసారీ ఎడ్లబండికి సినిమా బొమ్మలు కట్టుకుని, రేకు గొట్టంలో అరుస్తూ చుట్టుపక్కల ఊళ్లు తిరిగేది అతనే. 1963 ఎండాకాలంలో ఒక నవ్వుల సినిమా వచ్చింది. అందులో ఒక పసివాణ్ణి ముగ్గురు మగాళ్లు "నా కొడుకు కాదు" అంటే "నా కొడుకు కాదు" అని ఒకరి ఒళ్లోకి ఒకరు తోసుకుంటారు. తండ్రెవరో చివర్లో గాని తేలదు. జనం కడుపుబ్బ నవ్వారు. చూసినవాళ్లే మళ్లీ చూశారు.

అంతయ్యకు మాత్రం ఆ వారం అరవడమే నరకమైంది. "గీ పోరనికి బాపు ఎవలు? వచ్చి సూడుండ్రి!" అని అరవడం అతని పని. అరిచిన ప్రతి వాకిట్లో ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. అంతయ్య తండ్రెవరో ఊరికి తెలియదు మరి. అతనికీ తెలియదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి, తల్లి శంకరవ్వ, ముప్పై ఏళ్లుగా ఆ పేరు నోట రానియ్యలేదు. ఆమె డేరా బయట పల్లీల గంప పెట్టుకుని కూర్చునేది. లోపలికి ఏనాడూ తొంగి చూసింది లేదు. ఈసారి అడిగి తీరాలనుకున్నాడు అంతయ్య. రోజూ అనుకున్నాడు, రోజూ నాలుగు పల్లీలు నమిలి ఊరుకున్నాడు.

ఆ సినిమా రీళ్లు రెండు ఊళ్లకూ కలిపి ఒక్క జతే. పెద్దపల్లి డేరాలో ఆడిన రీలు బస్సెక్కి ఇక్కడికి వచ్చేది. ఆరో రోజు బస్సు దారిలో చెడిపోయింది, చివరి రీలు రాలేదు. జనం గోల చేస్తుంటే యజమాని కైలాసం సేటు అంతయ్య చేతిలో మైకు పెట్టి తెర ముందుకు తోశాడు.

"మిగిలిన కథ నోటితోని చెప్పు, జల్ది!"

అంతయ్య గొంతు సవరించుకున్నాడో లేదో, నేల మీద కూర్చున్నవాళ్లలో ఒకడు కేకేశాడు.

"గా పోరని సంగతి తర్వాత. ముందుగాల నీ బాపు ఎవలో చెప్పురా అంతిగా!"

డేరా గుంజలు కదిలేలా నవ్వారు. ఎన్ని రోజులుగా ఆపుకున్నారో పాపం! అంతయ్యకు ఏడుపొచ్చింది. అయినా పనివాడు కదా, చెప్పాడు. ఆ ముగ్గురూ కాదు, పట్నం నుంచి వచ్చిన దొరే ఆ పిల్లవాడి తండ్రి, కొడుకును భుజానికెత్తుకున్నాడు అని. చప్పట్లు మోగాయి. అంత ఒంటరిగా అతనెన్నడూ నిలబడలేదు.

బయట శంకరవ్వ గంప ముందు కదలకుండా కూర్చుని ఉంది. మైకులో అన్నీ విన్నది. ఇవాళ అడగాల్సిందే అనుకుంటూ అంతయ్య ఆమె దగ్గరికి వచ్చాడు.

"అవ్వా" అన్నాడు.

"నేనొకటి అడుగుత బిడ్డా" అందామె. "బాపు దొరికిండు, మంచిదే. మరి గా పోరని అవ్వ ఏమైంది? ఆమె సంగతి ఎవ్వలు అడుగనే అడుగలే."

సినిమాలో ఆ తల్లి మొదటి రీలులోనే, పసివాణ్ణి ఒక గడప ముందు వదిలి బావిలో దూకింది. ఆరు రోజుల్లో ఆ ముక్క ఎవరికీ పట్టలేదు. అంతయ్యకూ పట్టలేదు.

"మంచిగనే ఉన్నదవ్వా. కొడుకు దగ్గర్నే ఉన్నది" అని గంప నెత్తికెత్తుకున్నాడు.

తండ్రి పేరు ఆ తర్వాత అతను ఎన్నడూ అడగలేదు.